మొదటి చుక్క గురువుగారి గోటికి

కాళ్ళు దుప్పట్లోకి లాక్కోకు, ఒకసారి ఇటు చాపు. ఊఁ, గోళ్ళు ఎర్రగా మెరిసిపోతున్నాయి. బాగున్నాయమ్మా, ఎవరు కాదన్నారు. మొన్నటి గులాబీ రంగు తియ్యకుండా దాని మీదే ఇది పూసేశావు కదూ? అంచుల్లోంచి తొంగి చూస్తోందిలే, ఈ అమ్మమ్మ దగ్గరా నీ దొంగ వేషాలు. సరే, పడుకో. కాళ్ళు నా ఒళ్ళోనే ఉండనీ. కథ చెప్తాను.

అనగా అనగా ఏటి గట్టున ఒక ఊరు. ఆ ఊరి పేరు గజ్జెలపాడు. ఆ ఊళ్ళో ఆడపిల్లలందరూ పళ్ళెం మీద నాట్యం చేసేవాళ్ళు. మనం అన్నం తినే పళ్ళెం లాంటిదే, కాకపోతే ఇత్తడిది, బరువైంది. దాని అంచుల మీద రెండు పాదాలూ ఆనించి, కాలివేళ్ళతో అంచుని గట్టిగా పట్టుకుని, పళ్ళెంతో సహా ముందుకీ వెనక్కీ జరుగుతూ ఆడాలి. వేళ్ళు పట్టు తప్పాయా, పిల్ల కింద పడ్డట్టే.

అందుకని ఆ ఊరికి పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు కూడా ముందు పిల్ల కాళ్ళు చూసి, ఆ తర్వాత తీరిగ్గా మొహం చూసేవాళ్ళట.

ఏటేటా దసరాకి గజ్జె కట్టి ఉగాదికి విప్పేవాళ్ళు. మధ్యలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఆడేవాళ్ళు. దసరా నాడు పిల్లలందర్నీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి గోళ్ళకి రంగు పెట్టేవాళ్ళు. వరసలో అన్ని పాదాలూ ఒక్కలా ఉండాలని ఒకటే సీసా, ఒకటే కుంచె. మొదటి చుక్క గురువుగారి కాలి బొటనవేలి గోటికి. అది భక్తి. ఆ తర్వాత అదే కుంచెతో పెద్దపిల్ల నుంచి చిన్నపిల్ల దాకా. గోళ్ళు తీసుకునే కత్తెర కూడా అందరికీ ఒకటే.

ఆ గురువుగారి పేరు రంగమాంబ గారు. ఒకప్పుడు పళ్ళెం మీద బొంగరంలా తిరిగేవారట. తర్వాత మోకాళ్ళ నొప్పులంటూ పీట మీద కూర్చుని, తాళం వేస్తూ నేర్పించేవారు. పిల్లలు ఉగాది అయ్యాక రంగు తీసేసినా ఆవిడ మాత్రం తీసేవారు కాదు. గురువు కాలు బోసిగా ఉండకూడదు అనేవారు. అంత పెద్దావిడని ఎందుకండీ అని ఎవరడుగుతారు?

ఇంకో నియమం ఉంది, వింటే నోరు వెళ్ళబెడతావు. దసరాకి పెట్టిన రంగు ఉగాది నాట్యం అయ్యేదాకా తియ్యకూడదు. పెచ్చులూడితే దాని మీదే ఇంకో పూత. అదీ ఊడితే ఆ పైన ఇంకోటి. పాత గోడకి సున్నాలు వేసినట్టు వేసుకుంటూ పోవడమే. ఎప్పుడో ఎవరో ఒక పిల్ల మధ్యలో రంగు తీసేసిందట, మర్నాడే పళ్ళెం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందట. రంగు తీసినందుకే పడిందని ఊరంతా తేల్చేసింది. నిజంగా ఎందుకు పడిందో తర్వాత చెప్తాలే.

ఆ ఊళ్ళో హైమ అని ఒక పిల్ల ఉండేది. మేళంలో అందరికంటే పెద్దది. పళ్ళెం మీద నిలబడిందంటే రంగమాంబ గారంతటావిడ తాళం మర్చిపోయి చూసేవారు. హైమకి ఒక చెల్లెలు, పేరు తాయారు. వాళ్ళమ్మ తెల్లారగానే పొలం పనికి వెళ్ళిపోయేది. చెల్లెలికి జడ వెయ్యడం, అన్నం పెట్టడం, అడుగులు నేర్పించడం అన్నీ అక్కే.

ఆ ఏడు ఉగాదికి తాయారు మొదటిసారి పళ్ళెం ఎక్కాలి. హైమకి ప్రాణమంతా దాని మీదే. నా చెల్లి పళ్ళెం ఎక్కుతుంది, పక్క పళ్ళెం మీద నేనుంటాను అని కనపడ్డ వాళ్ళకల్లా చెప్పేది.

దసరా వచ్చింది. పెద్దపిల్ల కనక ఆ ఏడు కుంచె హైమ చేతికొచ్చింది. మొదటి చుక్క గురువుగారి గోటికి పెట్టింది. ఆ తర్వాత తన గోళ్ళకి పెట్టుకుంది. అప్పుడు వరసంతా పెట్టుకుంటూ వెళ్ళి, చివర్న తాయారు బుల్లి గోళ్ళకి పెట్టి, ఆరాలని ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

ఆ తర్వాత ఊళ్ళు తిరగడం మొదలైంది. ఆడటం, కాళ్ళు కడుక్కోవడం, పాదాలు పగలకుండా తడికాళ్ళకే మేజోళ్ళు తొడిగెయ్యడం, బండెక్కడం. మొహం తుడుచుకున్నంత శ్రద్ధగా కాలివేళ్ళ సందులు ఎవరు తుడుచుకుంటారు చెప్పు. నువ్వు తుడుచుకుంటున్నావా? అదిగో, నవ్వుతున్నావు.

ఒకరోజు హైమ కాలవలో కాళ్ళు కడుక్కుంటుంటే బొటనవేలి మీద రంగు కాస్త పెచ్చులూడింది. కింద చూస్తే గోటి మీద తెల్లటి మచ్చ. సున్నం చుక్క పడ్డట్టు ఉంది. రుద్దింది, పోలేదు. ఎవరైనా చూస్తారేమోనని గబగబా ఇంటికొచ్చి, దాని మీద ఒక పూత వేసేసింది. మచ్చ మాయమైంది. పనిలో పనిగా తాయారు గోళ్ళకి కూడా అదే కుంచెతో ఒక పూత వేసింది.

అయ్యో పిచ్చితల్లీ, కప్పేస్తే పోతుందటే? కానీ నా మాట దానికెక్కడ వినపడుతుంది, అది కథలో ఉంది కదా.

కొన్నాళ్ళయ్యాక మళ్ళీ రంగు లేచింది. ఈసారి మచ్చ తెల్లగా లేదు, పచ్చగా ఉంది. గోరు దళసరిగా అయిపోయింది. అంచుని తాకితే పిండిలా రాలుతోంది. హైమ పసుపు అంటుకుందేమోనని తనకి తనే చెప్పుకుంది. మేళం కత్తెర తెచ్చి, రాలే ముక్కంతా కత్తిరించి, కత్తెరని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. కడగనైనా కడగలేదు. ఆ తర్వాత దళసరిగా ఇంకో పూత. ఆ సాయంత్రం అదే కత్తెరతో తాయారుకి గోళ్ళు తీసింది కూడా.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి ఆ కత్తెర లాగేసుకోవాలనిపిస్తుంది నాకు.

ఉగాది దగ్గరపడింది. హైమ ఒక్కతీ పళ్ళెం మీద సాధన చేస్తోంది. బొటనవేలు అంచు మీద ఆనించి నొక్కింది. అంతే, సూది దిగినట్టు నొప్పి. కిందకి దిగి చూసుకుంది. రంగు మొత్తం బిళ్ళలా లేచొచ్చింది. బిళ్ళతోపాటు సగం గోరూ వచ్చేసింది.

దాని కింద ఏముందో తెలుసా? గోరు లేదు. గోధుమరంగు పొట్టు లాంటిదేదో ఉంది. చెమ్మ పట్టిన గదిలో వాసన వస్తుందే, అలాంటి వాసన. హైమ అది తన కాలేనా అని ఇంకో కాలు పక్కన పెట్టి చూసుకుంది. ఇన్నాళ్ళూ ఈ కాలికేనా అందరూ మురిసిపోయింది అనుకుంది.

ఎవరికీ చెప్పకూడదనుకుంది. చెప్తే పళ్ళెం ఎక్కనివ్వరు. ఉగాది అయ్యేదాకా ఓర్చుకుంటే చాలు. ఆ బిళ్ళనే మళ్ళీ అతికించి, మీద రంగు పూసింది. అవునమ్మా, అతికించింది. నువ్వు అలా చూడకు, నేనూ అలాగే నిర్ఘాంతపోయాను మా అమ్మమ్మ చెప్పినప్పుడు.

అప్పుడే తాయారు గెంతుకుంటూ వచ్చింది.

"అక్కా, నా చిటికెనవేలి రంగు ఊడిపోయింది. పుయ్యవా?" అని కాలు తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది, ఇదిగో నీలాగే.

హైమ కుంచె తీసి వంగింది. వంగినదల్లా ఆగిపోయింది. ఆ బుల్లి గోటి మీద తెల్లటి మచ్చ. సున్నం చుక్క పడ్డట్టు.

తన గోరు ఊడొచ్చినప్పుడు కూడా హైమ అంత అదిరిపడలేదు. ఆ మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి ఒక్క క్షణంలో అర్థమైపోయింది. తన కుంచె, తన కత్తెర, తన చేత్తోనే. ఇంకొన్నాళ్ళకి ఈ వేలు కూడా తన వేలులాగే అయిపోతుంది. ఈ పిల్ల పళ్ళెం ఎక్కుతుంది, అంచు నొక్కుతుంది, ఆ సూది దిగుతుంది.

"ఏంటక్కా అలా చూస్తున్నావు? పుయ్యవూ?" అంది తాయారు.

"ఇప్పుడు కాదు తల్లీ" అంది హైమ. కుంచెని సీసాలో పెట్టి గట్టిగా మూత బిగించింది.

ఆ తర్వాత ఉగాది ముందురోజు వచ్చింది. ఆ రోజు అరుగు మీద చివరి పూత. పిల్లలు, తల్లులు, ఊళ్ళో పెద్దవాళ్ళు అందరూ చేరారు. రంగమాంబ గారు పీట మీద కూర్చుని కాలు చాపారు, మొదటి చుక్క కోసం.

హైమ సీసా పక్కన పెట్టేసింది. రంగు తీసే మందు ఉగాది అయ్యేదాకా అటక మీదే ఉండాలి. హైమ దాన్ని ముందే దింపి కొంగులో పెట్టుకుని తెచ్చింది. దూది ముద్ద దాంట్లో ముంచి, అందరూ చూస్తుండగా తన బొటనవేలు తుడవడం మొదలుపెట్టింది.

ఒక ముసలమ్మ చెవులు మూసుకుంది, అదేదో చప్పుడైనట్టు.

"అపశకునం పిల్లా, ఆపు. రేపు ఎవరు పడాలని?" అంది ఇంకొకావిడ.

హైమ ఆపలేదు. పూత మీద పూత, పూత మీద పూత, తుడిచింది. చివరికి కాలు ఎత్తి అందరికీ చూపించింది. చూసినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"రేపు నేను పళ్ళెం ఎక్కను. ఎక్కలేను. కానీ ఇది నాతో ఆగలేదు. తాయారుకి వచ్చింది. అందరికీ ఒకటే కుంచె, ఒకటే కత్తెర. తీసి చూసుకోండి, మీ పిల్లలవి కూడా తీసి చూడండి" అంది.

అప్పుడు ఒక తల్లి దూది అందుకుంది. ఆ తర్వాత ఇంకో తల్లి. కొంతమంది గోళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. కొంతమందివి రంగు మరకతో పచ్చబడ్డాయి, అంతే. ఇంకో ఇద్దరు పిల్లల వేళ్ళ మీద మాత్రం ఆ సున్నం చుక్క కనపడింది. ఆ తల్లులు పిల్లల కాళ్ళు తమ ఒళ్ళోకి లాక్కున్నారు.

"మరి నీకెక్కణ్ణుంచి వచ్చిందే?" అని అడిగింది వాళ్ళమ్మ.

హైమ తనే మొదటిదాన్ననుకుంది. కుంచె తన గోటి మీదకి రాకముందు ఎక్కడుందో దానికి గుర్తే రాలేదు. భక్తితో చేసిన పని కదా, అటు అనుమానం ఎలా పోతుంది?

అప్పుడు పీట మీంచి రంగమాంబ గారు మెల్లగా అన్నారు.

"ఆ దూది ఇలా ఇయ్యి అమ్మాయీ."

ఆవిడే వంగి తన గోళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నారు. ఎన్నేళ్ళ రంగో అది, దూది మీద దూది ఎర్రబడిపోతోంది. చివరికి గోరు బయటపడింది. అబ్బ, ఏం చెప్పను తల్లీ. చెట్టు బెరడులా లేచిపోయి, నల్లగా, పచ్చగా ఉంది. ఒక్క వేలు కాదు, అన్ని వేళ్ళూ అంతే. ఏటేటా మొక్కి, మొదటి చుక్క పెట్టిన పాదం అది.

"మోకాళ్ళ నొప్పి కాదు. ఈ వేళ్ళే పట్టు తప్పాయి. వయసనుకున్నాను. చూపించడానికి సిగ్గేసి కప్పుకున్నాను. అంటుతుందని తెలిస్తే..." అని ఆగిపోయారు. ఆ తర్వాత ఇంకోమాట అన్నారు. "అప్పట్లో పడ్డ పిల్ల రంగు తీసినందుకు పడలేదు. పళ్ళెం మెరవాలని వాళ్ళమ్మ నూనె రాసి తుడిచింది. నేను చూశాను. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఇదీ సంగతి. నూనె రాసిన పళ్ళెం మీద ఎవరు నిలుస్తారు? ఎవరో చేసిన పనికి రంగు మీద నింద పడింది, ఆ నింద పట్టుకుని ఊరంతా ఇన్నేళ్ళూ తమ గోరు తాము చూసుకోవడం మానేసింది. నాకైతే ఒళ్ళు మండిపోతుంది.

ఆ సాయంత్రమే అందరూ బండి కట్టించుకుని పక్క ఊరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ అన్ని కాళ్ళూ చూసి తల పట్టుకుంది. ఇవి పిప్పిగోళ్ళు, గోటికి పట్టే బూజు అంది. గోటి ముక్కలు గీకి పరీక్షకి పంపింది. మందులు రాసింది. ఆ తర్వాత తిట్టింది చూడు, హాయిగా తిట్టింది.

"రంగు వేసుకోవద్దని నేననను. కానీ కింద గోరు ఎలా ఉందో చూసుకోరా? తీసేసి కొన్నాళ్ళు బోసిగా వదలరా? తడికాళ్ళకి మేజోళ్ళేంటి, వేళ్ళ సందులు తుడుచుకోడానికి గుడ్డ కరువా? ఎవరి సీసా వాళ్ళకి, ఎవరి కత్తెర వాళ్ళకి ఉండాలి. మచ్చ కనపడితే నాకు చూపించాలి గాని దాని మీద రంగు పుయ్యడమేంటమ్మా?"

అప్పుడు హైమ ఒక్కటే అడిగింది.

"మా చెల్లి రేపు పళ్ళెం ఎక్కొచ్చా అండీ?"

"దానికిప్పుడే మొదలైంది. మందు రాస్తూ ఉంటే మంచి గోరే వస్తుంది. దాని పళ్ళెం దానికి వేరేగా ఉంచి ఆడించండి. నీకు మాత్రం చాన్నాళ్ళు పడుతుంది. గోరు నిదానంగా పెరుగుతుంది, నువ్వెంత తొందరపెట్టినా వినదు" అంది డాక్టరమ్మ.

ఉగాది వచ్చింది. దీపాలు పెట్టేవేళకి ఊరంతా చేరింది. నాట్యం చూడ్డానికి కాదు, తాయారు పడుతుందా లేదా చూడ్డానికి. రంగు లేకుండా పళ్ళెం ఎక్కే పిల్లని వాళ్ళు ఎప్పుడూ చూడలేదు మరి. గురువుగారు చెప్పింది విన్నారు, అయినా లోపల బెదురు పోలేదు.

తాయారు తన బోసి గోళ్ళ వంక చూసుకుంది.

"అక్కా, రంగు లేదు. పడిపోతానా?"

హైమ దాని ముందు కూర్చుంది. పొడిగుడ్డతో ఒక్కొక్క వేలూ, వేళ్ళ మధ్య సందులూ తుడిచింది. ఆ తర్వాత పళ్ళెం అంచంతా తుడిచింది.

"చింతపండుతో నేనే తోమాను. కడిగాను. నూనె చుక్క తగలనివ్వలేదు. వేళ్ళు నీవి, అంచు గట్టిగా పట్టుకో. తాళం నేను వేస్తాను" అంది.

రంగమాంబ గారు తన చేతి తాళాలు తీసి హైమకిచ్చారు.

తాయారు పళ్ళెం ఎక్కింది. మొదట ముందుకి జరిగింది. పళ్ళెం గరగరమంది. ఆ తర్వాత వెనక్కి జరిగింది. ఒక పాదం కాస్త ఊగింది. హైమ తాళం ఆగబోయి ఆగలేదు. ఆ తర్వాత తాయారు పది వేళ్ళతో అంచుని పట్టుకుని, పళ్ళెంతో సహా గుండ్రంగా చుట్టూ తిరిగింది. తిరిగి, ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చి నిలబడింది. పడలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆ చిన్ని బోసి గోళ్ళనే చూస్తూ ఉండిపోయారు. అప్పుడు తాయారు పళ్ళెం దిగి, అక్క దగ్గరికి పరిగెత్తి, "కాళ్ళు తుడవక్కా, చెమట పట్టాయి" అంది. దాంతో అరుగంతా నవ్వేసింది. హైమ ఒక్కతే ఏడ్చింది.

హైమ గోరు రావడానికి చాలా కాలం పట్టింది. దసరా వెళ్ళింది, ఉగాది వెళ్ళింది, గోరు మెల్లమెల్లగా, మొదట్లోంచి, లేత గులాబీగా వచ్చింది. ఆ తర్వాతి దసరాకి మళ్ళీ పళ్ళెం ఎక్కింది, చెల్లెలి పక్కన.

ఆ ఊళ్ళో ఇప్పటికీ దసరా నాడు రంగు పెడతారు. ఎవరి సీసా వాళ్ళది. మధ్యమధ్యలో తీసేసి, గోళ్ళని కొన్నాళ్ళు గాలికి వదులుతారు. కానీ రంగు పెట్టేముందు ఒక పని చేస్తారు. అందరూ అరుగు మీద వరసగా కూర్చుని, బోసి కాళ్ళు చాపి, ఒకళ్ళ గోళ్ళు ఒకళ్ళకి చూపించుకుంటారు. మొదట చాపేది గురువుగారి కాలే.

ఏంటే, లేచి కూర్చున్నావు? దూదా? పొద్దున తీద్దాంలే, ఎక్కడికీ పోదు. సరే సరే, ఆ అలమార్లో ఉంది తే. నీ కాలు అయ్యాక ఈ అమ్మమ్మ కాలు కూడా చూద్దువుగాని. ఇదిగో, ముందు నేనే చాపుతున్నాను.

బోసి గోళ్ళు గాలికి,
పసుపు నీళ్ళు కాలికి,
కథ ఏమో కంచికి,
నిదర ఏమో కంటికి.